మనిషి కూలిన క్షణం నుంచి అంబులెన్స్ వచ్చేదాకా: పనిచేసే చోట ప్రథమ చికిత్స ఏర్పాట్లు

మీరు రాసిన వివరాలను బట్టి, మీది రెండు షిఫ్టుల్లో కలిపి సుమారు 140 మంది పనిచేసే యూనిట్. కింద లోహపు భాగాలను కోసి, వెల్డింగ్ చేసి, రసాయనాలతో కడిగే విభాగాలున్నాయి. పై అంతస్తులో ఆఫీసు ఉంది. గత నెలలో ఒక ఉద్యోగి భోజన విరామం తర్వాత ఉన్నట్టుండి కుప్పకూలితే చుట్టూ జనం మూగారే తప్ప ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. కాసేపటికి ఆయనే కళ్లు తెరవడంతో గండం గడిచింది. దాంతో యాజమాన్యం ప్రథమ చికిత్స ఏర్పాట్ల బాధ్యతను మీకు అప్పగించింది. పెట్టెలో ఏమేం ఉండాలి, ఎంతమందికి శిక్షణ ఇప్పించాలి, గుండెకు షాకు ఇచ్చే ఏఈడీ యంత్రం కొనాలా వద్దా అన్నవి మీ ప్రశ్నలు. మూడింటికీ సమాధానం చెబుతాను కానీ మీరు అడిగిన వరుసలో కాదు. పెట్టె సంగతి చివరికి వస్తుంది. ఎందుకంటే నేను దగ్గరగా చూసిన విషాదాల్లో ఏ ఒక్కటీ పెట్టెలో ఫలానా వస్తువు లేనందువల్ల జరగలేదు. మొదటి నాలుగైదు నిమిషాల్లో ఎవరేం చేయాలో ముందుగా అనుకోనందువల్లే జరిగాయి.

పారిశ్రామిక ఆరోగ్య విభాగంలో 22 ఏళ్లు పనిచేశాను. మొదట ఒక కర్మాగారపు డిస్పెన్సరీలో నర్సుగా, తర్వాత కార్మికులకు ప్రథమ చికిత్స నేర్పే శిక్షకురాలిగా. నర్సుగా ఉన్న తొలి ఏళ్లలో, డిస్పెన్సరీ మూసేసిన ఒక రాత్రి షిఫ్టులో, కంప్రెసర్ గది దగ్గర ఒక ఫిట్టర్ కూలిపోయాడు. మర్నాడు కెమెరా రికార్డు చూస్తూ నేను కాగితం మీద నిమిషాలు వేసుకున్నాను. ఆయన పడిన రెండో నిమిషానికి పక్క విభాగం వాళ్లు చూశారు. ఫోన్ చేయడానికి ముందు సూపర్‌వైజర్‌ను వెతికారు. సూపర్‌వైజర్ మేనేజరుకు ఫోన్ చేసి, అంబులెన్స్‌ను పిలవమంటారా అని అడిగాడు. అసలు ఫోన్ వెళ్లేసరికి ఎనిమిది నిమిషాలయింది. శిక్షణ పొందిన ఒకే ఒక్క మనిషి ఆ వారం సెలవులో ఉన్నాడు. అంబులెన్స్ త్వరగానే వచ్చింది కానీ రాత్రిపూట తాళం వేసి ఉండే గేటు ముందు ఆగింది. తాళంచెవి ఉన్న గార్డు లోపల గుంపులో నిలబడి చూస్తున్నాడు. వైద్య సిబ్బంది ఆయనను చేరేసరికి 24 నిమిషాలయింది. అంతసేపూ ఆయన ఛాతీ మీద ఎవరి చెయ్యీ పడలేదు. ఆయన బతకలేదు. ప్రథమ చికిత్స పెట్టె మాత్రం ఆ గోడకే, నిండుగా, సీలు కూడా తీయకుండా వేలాడుతూ ఉంది.

గుండె ఆగిపోయిన మనిషి మెదడుకు రక్తం అందడం ఆ క్షణంలోనే ఆగిపోతుంది. నాలుగు నుంచి ఆరు నిమిషాలు దాటితే మెదడుకు తిరిగిరాని నష్టం మొదలవుతుంది. సీపీఆర్ (ఛాతీ నొక్కి రక్తాన్ని ఆడించే ప్రక్రియ) కూడా లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం మేర తగ్గిపోతుందని వైద్యులు లెక్క కట్టారు. ఎంత మంచి అంబులెన్స్ వ్యవస్థ ఉన్న ఊళ్లోనైనా ఫోన్ ఎత్తి, చిరునామా రాసుకుని, బండి బయలుదేరి, మెట్లెక్కి మనిషిని చేరడానికి ఇంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి ఆ వ్యవధి ఎవరిదంటే, పక్కన ఉన్నవారిదే. అమెరికాలోని లాస్ వేగాస్ జూదశాలల్లో సెక్యూరిటీ గార్డులకు ఏఈడీ వాడటం నేర్పి, ఫలితాలను 2000లో ప్రచురించారు. కళ్లెదుటే కూలిపోయి, షాకుకు లొంగే లయలో గుండె ఉన్నవారిలో, మూడు నిమిషాల్లోపు షాకు అందినవాళ్లు 74 శాతం మంది బతికి ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లారు; మూడు నిమిషాలు దాటాక అందినవాళ్లలో 49 శాతం మంది. ఆ షాకు ఇచ్చింది డాక్టర్లు కాదు, గార్డులు. అందుకే నేను ఏ సంస్థకు వెళ్లినా శిక్షణ జాబితాలో మొదట రాసేది గార్డుల పేర్లే.

శిక్షణలో అందరూ ఛాతీ నొక్కడం నేర్చుకుంటారు కానీ, ఎప్పుడు నొక్కాలో గుర్తుపట్టడంలోనే తడబడతారు. గుండె ఆగిన మనిషి మొదటి నిమిషాల్లో చాలాసార్లు నోరు తెరిచి, గురక లాంటి చప్పుడుతో, ఆగి ఆగి గాలి మింగినట్టు చేస్తాడు. ఒడ్డున పడిన చేప నోరు తెరిచినట్టుంటుంది. అది శ్వాస కాదు. ‘ఊపిరి ఆడుతోంది, పర్వాలేదు’ అని అక్కడే నిలబడిపోవడానికి ప్రధాన కారణం ఇదే. మరికొందరికి మొదటి కొన్ని క్షణాలు కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, చూసేవాళ్లు మూర్ఛ అనుకుంటారు. నేను నేర్పే సూత్రం చిన్నది: భుజాలు తట్టి గట్టిగా పిలిచినా పలకకుండా, పది సెకన్లు చూసినా మామూలు ఊపిరి కనిపించకుండా ఉంటే, గుండె ఆగిందనే అనుకుని మొదలుపెట్టండి. నాడి కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు. కంగారులో తన వేలి నాడినే ఎదుటివాడి నాడి అనుకున్న వాళ్లను నేను చాలామందిని చూశాను.

గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమను ఉంచి, దానిపై రెండో చేతిని వేసి, మోచేతులు వంచకుండా మీ శరీరపు బరువుతో నొక్కాలి. పెద్దవాళ్లలో లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలసిన మనిషి మొదట మరిచిపోయేది ఇదే. నోటి ద్వారా ఊపిరి ఇవ్వడం నేర్చుకున్నవాళ్లు 30 నొక్కులకు 2 ఊపిరులు ఇవ్వాలి; నేర్చుకోనివాళ్లు, ఇష్టం లేనివాళ్లు ఆపకుండా నొక్కితే చాలు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. ఎంత బలమైనవాడైనా ఆ తర్వాత తనకు తెలియకుండానే లోతు తగ్గిస్తాడు. ‘పక్కటెముకలు విరిగితే?’ అని ప్రతి శిక్షణలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. విరగవచ్చు, విరుగుతాయి కూడా. విరిగిన ఎముక అతుక్కుంటుంది. ఒకవేళ గుండె ఆగని మనిషికి పొరపాటున నొక్కినా తీవ్రమైన హాని జరగడం అరుదు. ఆగిన గుండెను వదిలేస్తే జరిగే నష్టంతో దానికి పోలికే లేదు.

ఈ విద్య పుట్టుకలోనే కార్మికుల కథ ఉంది కాబట్టి చిన్న పక్కదారి పడతాను. విద్యుత్ లైన్ల మీద పనిచేసేవాళ్లు షాకు తగిలి చనిపోతుండటం వల్ల, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం కౌవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు గుండె మీద విద్యుత్తు ప్రభావాన్ని ఏళ్ల తరబడి పరిశోధించాడు. ఆ ప్రయోగాల్లో, షాకు ఇచ్చే బరువైన పలకలను కుక్క ఛాతీ మీద గట్టిగా అదిమినప్పుడల్లా దాని రక్తపోటు కాస్త పెరగడాన్ని ఆయన వద్ద పనిచేసే గై నికర్‌బాకర్ గమనించాడు. శస్త్రవైద్యుడు జేమ్స్ జూడ్‌తో కలిసి వాళ్లు 1960లో ప్రచురించిన వ్యాసమే నేటి ఛాతీ నొక్కుడుకు పునాది. దీన్ని ఎవరైనా, ఎక్కడైనా మొదలుపెట్టవచ్చని, కావలసినవి రెండు చేతులేనని ఆ వ్యాసంలోనే రాశారు. ఒక ఇంజనీరు మొదలుపెట్టిన పని అని చెబితే, ‘ఇది డాక్టర్ల వ్యవహారం’ అని వెనక్కి జరిగే మెకానిక్కులు ఒక అడుగు ముందుకు రావడం నేను చూశాను.

ఇక ఎంతమందికి శిక్షణ అన్న ప్రశ్న. ఇంతమందికి ఒకరు అనే లెక్క మీ దేశపు చట్టంలో ఉంటే అది కనీసం; దాన్ని పాటించాక కూడా ప్రశ్న మిగిలే ఉంటుంది. నా పద్ధతిలో మనుషులను కాదు, నడకను లెక్కపెడతాను. యూనిట్‌లో అన్నిటికంటే మారుమూల ఉన్న చోటు, అంటే మీ దగ్గర బహుశా పైకప్పు మీది కూలింగ్ టవరో, వెనకవైపు స్టోరో, అక్కడ నిలబడి వాచీ చూసుకుంటూ, శిక్షణ ఉన్న మనిషి ఎంతసేపటికి రాగలడో చూడండి. మూడు నిమిషాలు దాటితే అటువైపు ఇంకొకరికి శిక్షణ కావాలి. ఈ లెక్క ప్రతి షిఫ్టుకూ, భోజన విరామానికీ, సెలవు రోజున నలుగురే వచ్చి మెయింటెనెన్స్ చేసే పూటకూ విడిగా వేయాలి. ఒక చోట ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరూ సెలవు పెట్టిన రోజే ప్రమాదం జరుగుతుందని అనుకుని ఇద్దరిని పెట్టండి. కాంట్రాక్టు కార్మికులనూ, హౌస్‌కీపింగ్ వాళ్లనూ వదలకండి. రాత్రిపూట భవనంలో ఎక్కువ చోట్ల తిరిగేది వాళ్లే. సూపర్‌వైజర్లకు నేర్పడం మంచిదే కానీ వాళ్ల మీదే ఆధారపడకూడదు, ఎందుకంటే వాళ్లు ఎప్పుడూ మీటింగులో ఉంటారు.

ధ్రువపత్రం సాధారణంగా రెండు మూడేళ్లు చెల్లుతుంది. చేతి నైపుణ్యం మాత్రం మూడు నుంచి ఆరు నెలల్లోనే మొద్దుబారుతుంది. అందువల్ల రెండేళ్లకోసారి రోజంతా తరగతి పెట్టి ఊరుకోవడం కంటే, ఆ తరగతితో పాటు మూడు నెలలకోసారి బొమ్మ మీద పదిహేను నిమిషాలు నొక్కించడం ఎక్కువ ఫలితమిస్తుంది. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర బొమ్మను పెట్టి, ఒక్కొక్కరి చేత రెండు నిమిషాలు చేయించే అలవాటును నేనున్న చోట మొదలుపెట్టాం. మొదటి వారం నవ్వులాటగా ఉంది, రెండో నెలకు ఎవరి వేగం సరిగ్గా ఉందో వాళ్లే పందేలు వేసుకున్నారు.

మనిషి పడినప్పుడు చేయాల్సిన పనులు నాలుగు: ఒకరు అతని దగ్గర ఉండాలి, ఒకరు ఫోన్ చేయాలి, ఒకరు ఏఈడీ తేవాలి, ఒకరు గేటు దగ్గరకు పరుగెత్తాలి. ‘ఎవరైనా ఫోన్ చేయండి’ అంటే ఎవరూ చేయరు. ప్రతివాడూ పక్కవాడు చేశాడనుకుంటాడు. వేలు చూపించి, పేరు పెట్టి, ‘నువ్వు ఫోన్ చెయ్, స్పీకర్‌లో పెట్టు, ఇక్కడే ఉండు’ అని చెప్పాలి. స్పీకర్ ఎందుకంటే, అవతల ఉన్న ఆపరేటరు నొక్కే లయను లెక్కపెట్టి చెప్పగలడు. అంబులెన్స్‌ను పిలవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని యాజమాన్యం సంతకంతో ఒక ఉత్తరువు రాయించి ప్రతి విభాగంలోనూ అంటించండి. ఆ కాగితానికి పైసా ఖర్చు లేదు, కానీ నేను చూసిన ఆరు నిమిషాల ఆలస్యం అది లేకపోవడం వల్లే జరిగింది. దాని కిందే అత్యవసర నంబరు, పూర్తి చిరునామా, ఏ గేటు నుంచి రావాలి, ఏ అంతస్తు, దగ్గర్లోని కొండగుర్తు రాసి ఉంచండి; కంగారులో మనిషి తన ఆఫీసు చిరునామానే మరిచిపోతాడు. గేటు దగ్గరకు వెళ్లినవాడు తాళం తీయించడంతో పాటు లిఫ్టును కింద ఆపి ఉంచాలి. ఒకసారి స్ట్రెచర్‌ను తీసుకెళ్లి మీ లిఫ్టులో పడుతుందో లేదో చూడండి; పట్టకపోతే మెట్ల మీదుగా దించడానికి వీలైన మోత కుర్చీ కావాలని ఆ రోజే తెలుస్తుంది.

సాయానికి వెళ్లేవాళ్ల ప్రాణం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే కర్మాగారాల్లో రెండో శవం చాలాసార్లు సాయానికి వెళ్లిన మనిషిదే. కరెంటు పట్టుకున్న మనిషిని ముట్టుకోకూడదు. ముందు మెయిన్ ఆపాలి, అందుకు మెయిన్ ఎక్కడుందో అందరికీ తెలియాలి. అంతకంటే ప్రమాదకరమైనవి ట్యాంకులు, గోతులు, మురుగు గుంటలు, మూసిన పాత్రలు. మామూలు గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం; 19.5 కంటే తగ్గితే ఆ చోటును ప్రమాదకరంగా లెక్కిస్తారు. మరీ తగ్గిన చోట ఒకటి రెండు ఊపిరులకే స్పృహ పోతుంది, వెనక్కి రావాలన్న ఆలోచన పుట్టే వ్యవధి కూడా ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుందని అందరికీ తెలుసు, కానీ మోతాదు పెరిగాక ఆ వాయువు ముక్కును మొద్దుబారుస్తుంది. వాసన పోయిందంటే వాయువు పోయిందని కాదు. ట్యాంకులో ఒకడు పడి ఉంటే, పైనున్న మిత్రుడు ఆగలేడు, దిగుతాడు, అతనూ పడతాడు. ఈ ఆవేశాన్ని ఉపన్యాసంతో ఆపలేం. మనిషికి ముందే బెల్టు, తాడు కట్టి దించి, పైన ముక్కాలి గిలక ఏర్పాటు చేసి, కిందికి దిగకుండానే పైకి లాగే వీలు కల్పిస్తేనే పైవాడికి దిగకుండా చేయడానికి ఒక పని దొరుకుతుంది. మీ రసాయనాల తొట్లను శుభ్రం చేసే పని ఎవరు, ఎలా చేస్తున్నారో ఈ వారమే చూడండి.

మీ యూనిట్‌లో రాగల గాయాల్లో మొదటిది కోత యంత్రాల దగ్గర రక్తస్రావం. శుభ్రమైన గాజ్ గుడ్డను గాయంలోకి అదిమిపెట్టి, తీసి తీసి చూడకుండా, రెండు చేతులతో గట్టిగా ఒత్తి ఉంచితే చాలా రక్తస్రావాలు ఆగుతాయి. చెయ్యో కాలో తెగి రక్తం చిమ్ముతూ, ఒత్తినా ఆగకపోతే, గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్లు పైన, కీలు మీద కాకుండా, టోర్నికెట్ (రక్తం ఆపేలా బిగించే పట్టీ) బిగించి, బిగించిన సమయం రాయాలి. ఆసుపత్రి దాకా దాన్ని సడలించకూడదు. ఇది విపరీతంగా నొప్పి పెడుతుంది; నొప్పి పెడుతోందని వదులు చేసినవాళ్లున్నారు. వేలు తెగిపడితే దాన్ని తడిపిన గాజ్‌లో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ సంచిని మంచు కలిపిన నీళ్లలో ఉంచాలి. మంచు మీద నేరుగా పెడితే కణజాలం గడ్డకట్టి, అతికించడానికి పనికిరాకుండా పోతుంది. తెగిన వేలును వెతికి తెచ్చే పని కూడా ఎవరికో ఒకరికి అప్పగించాలని నాకు మొదటిసారి తెలిసింది, రోగితో పాటు ఆసుపత్రికి చేరాక సర్జన్ ‘వేలేదీ?’ అని అడిగినప్పుడే.

రసాయనం కంట్లో పడితే ఆసుపత్రి తర్వాత, నీళ్లు ముందు. ఐ వాష్ (కళ్లు కడుక్కునే నీటి ఏర్పాటు) దగ్గరకు పది సెకన్లలో చేరగలిగేలా, దారిలో తలుపులూ మెట్లూ లేకుండా ఉండాలని, కనీసం 15 నిమిషాలు ఆగకుండా నీరు రావాలని అమెరికా ప్రమాణం చెబుతుంది. క్షారాలకు ఇంకా ఎక్కువసేపు కడగాలి. గాయపడ్డవాడు మంటకు కళ్లు బిగించేసుకుంటాడు, కాబట్టి రెప్పలు తెరిచి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. కళ్లు మూసుకుని, వెల్డింగ్ గది నుంచి మీ ఐ వాష్ దాకా నడిచి చూడండి. నేను తనిఖీ చేసిన ఒక చోట దాని ముందు ఖాళీ డ్రమ్ములు పేర్చారు, ఇంకోచోట తిప్పగానే తుప్పు నీళ్లు వచ్చాయి. వారానికోసారి తిప్పి వదలడం ఒకరి పనిగా రాయాలి. కాలిన గాయానికి 20 నిమిషాలు పారే చల్లని నీరు, మంచు కాదు. కాలిన మూడు గంటల్లోపు ఎప్పుడు మొదలుపెట్టినా లాభమే. ఉంగరాలు, వాచీ వాపు రాకముందే తీసేయాలి. పేస్టు, నూనె లాంటివి పూయకూడదు. అంటుకుపోయిన బట్టను లాగకూడదు. మీరు కడగడానికి వాడే రసాయనాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటే మాత్రం మామూలు ఏర్పాట్లు చాలవు. నొప్పి ఆలస్యంగా మొదలైనా లోపల కాల్షియంను లాగేస్తుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్‌ను ఆ తొట్టి పక్కనే ఉంచాలి, దగ్గర్లోని ఆసుపత్రికి ఆ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

వెల్డింగ్ దగ్గర, బాయిలర్ల దగ్గర వేసవిలో ఒక మనిషి పిచ్చిగా మాట్లాడుతూ తూలుతుంటే తాగాడని అనుమానించకండి. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన వడదెబ్బ అలాగే కనిపిస్తుంది. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదు అనుకోవడం మరో పొరపాటు. కష్టపడి పనిచేస్తుండగా వచ్చే వడదెబ్బలో చెమట ఉంటుంది. ముందు చల్లబరచాలి, తర్వాత తరలించాలి. మెడ దాకా చల్లని నీటి తొట్టిలో ముంచడం అన్నిటికంటే వేగంగా పనిచేస్తుంది. తొట్టి లేకపోతే ఒళ్లంతా తడుపుతూ ఫ్యాన్ గాలి తగలనివ్వాలి.

పై అంతస్తులో యంత్రాలు లేవు కాబట్టి ప్రమాదం లేదని ఆఫీసువాళ్లు అనుకుంటారు. గుండెపోటూ పక్షవాతమూ యంత్రాన్ని చూసి రావు. ఛాతీలో బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట ఉంటే మనిషిని నడిపించకుండా, తానే బండి నడుపుకుని వెళ్లనివ్వకుండా, ఆనుకుని కూర్చోబెట్టాలి. అలర్జీ, రక్తస్రావం లేనివాళ్ల చేత, ఫోన్‌లో వైద్య సిబ్బంది చెబితే, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించవచ్చు. పక్షవాతంలో ముఖం ఒకపక్కకు జారుతుంది, చెయ్యెత్తితే పడిపోతుంది, మాట ముద్దగా వస్తుంది. అక్కడ ఆస్పిరిన్ ఇవ్వకూడదు, నీళ్లు కూడా తాగించకూడదు. చివరిసారి మామూలుగా ఎప్పుడు కనిపించారో ఆ సమయం రాసి అంబులెన్స్‌లో పంపాలి, ఎందుకంటే గడ్డ కరిగించే మందుకు సాధారణంగా నాలుగున్నర గంటల గడువే ఉంటుంది. మూర్ఛ వస్తే పట్టి ఆపకుండా, నోట్లో ఏమీ పెట్టకుండా, తల కింద మెత్తనిది ఉంచి వాచీ చూడాలి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్‌ను పిలవాలి. మధుమేహం ఉన్నవాళ్లు వణుకుతూ తికమకపడుతుంటే, మింగగలిగే స్థితిలో ఉన్నంతవరకు 15 నుంచి 20 గ్రాముల చక్కెరను ఏదో రూపంలో ఇవ్వాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు. క్యాంటీన్‌లో గొంతుకు అడ్డం పడి మాట రానివాళ్లను ముందుకు వంచి భుజాల మధ్య ఐదు చరుపులు, ఆగకపోతే వెనక నుంచి బొడ్డుకు పైన పిడికిలితో లోపలికీ పైకీ ఐదు అదుములు, ఇలా మార్చి మార్చి చేయాలి. మీ క్యాంటీన్ వడ్డనవాళ్లకు ఇంకేమీ నేర్పకపోయినా ఇది నేర్పండి.

ఏఈడీ కొనండి. అది మాట్లాడుతుంది, ఏం చేయాలో చెబుతుంది, అవసరం లేని గుండెకు షాకు ఇవ్వదు. శిక్షణ లేనివాడు కూడా వాడవచ్చు. కానీ మేనేజరు గదిలో తాళం వేసి పెట్టేటట్టయితే ఆ డబ్బు దండగ. వెళ్లి తెచ్చి తగిలించడానికి మొత్తం మూడు నిమిషాలు మించని చోట, రాత్రి కూడా తెరిచి ఉండే చోట ఉంచాలి. ప్యాడ్లకూ బ్యాటరీకీ గడువు తేదీ ఉంటుంది. పచ్చ గుర్తు వెలుగుతోందా అని నెలకోసారి చూసి సంతకం పెట్టే మనిషి పేరు కాగితం మీద ఉండాలి. దాని సంచిలో కత్తెర, రేజరు, తువ్వాలు పెట్టండి. చెమటతో తడిసిన ఛాతీకీ, దట్టమైన వెంట్రుకలకూ ప్యాడ్లు అంటుకోవు.

చివరికి పెట్టె. నైట్రైల్ చేతి తొడుగులు, రెండు మూడు సైజుల స్టెరైల్ గాజ్, పీడన పట్టీలు, చుట్టే బ్యాండేజీలు, త్రికోణపు గుడ్డ, అంటించే టేపు, బట్టలు కోసే మొండి మొన కత్తెర, సెలైన్ సీసాలు, ఊపిరి ఇచ్చే ముసుగు, రేకు దుప్పటి, అసలైన టోర్నికెట్ ఒకటి రెండు, చక్కెర పొట్లాలు, పెన్నూ నోటు పుస్తకమూ చాలు. దూది తీసేయండి, పోగులు గాయంలో అంటుకుంటాయి. రంగు మందులు తీసేయండి, గాయం లోతు కనిపించకుండా చేస్తాయి. మాత్రలు తీసేయండి, నొప్పి మాత్రల కోసం రోజూ తెరిచే పెట్టెలో, అసలు వేళకు గాజ్ మిగలదు. తాళం వద్దు; దొంగతనం భయమైతే తెంపితే తెగే ప్లాస్టిక్ సీలు వేయండి, సీలు తెగి ఉంటే నింపాలని తెలుస్తుంది. 140 మందికి ఒకే పెద్ద పెట్టె కంటే, ప్రమాదం ఉన్న ప్రతి చోటా చిన్నది ఒకటి మేలు.

ఇవన్నీ అమర్చాక, ఒక రాత్రి షిఫ్టులో, షిఫ్టు ఇన్‌చార్జికి తప్ప ఎవరికీ చెప్పకుండా, బొమ్మను స్టోర్ వెనక పడేసి వాచీ నొక్కండి. చూసినవాడు దాన్ని చేరడానికి, ఛాతీ మీద మొదటి నొక్కుకు, ఫోన్‌కు, ఏఈడీ రావడానికి, గేటు తెరవడానికి పట్టిన నిమిషాలను విడివిడిగా రాసుకోండి. అభ్యాసంలో ఫోన్‌ను మీకే చేయించుకోండి, అత్యవసర నంబరుకు కాదు. మొదటిసారి లెక్క సిగ్గుపడేలా వస్తుంది. ఎవరినీ తిట్టకుండా ఎక్కడ ఆగిందో ఆ ఒక్కదాన్ని సరిచేసి, నెల తర్వాత ఇంకో షిఫ్టులో మళ్లీ చేయండి. నేను పనిచేసిన ఒక చోట మొదటి నొక్కుకు ఏడు నిమిషాలు పట్టింది. నాలుగో అభ్యాసానికి అది ఒక నిమిషం పది సెకన్లకు వచ్చింది. మధ్యలో మేం కొన్న కొత్త వస్తువు ఒక్కటీ లేదు. స్టోర్ తలుపు తాళాన్ని మాత్రం మార్చాం.

నిజంగా జరిగిన రోజున అంబులెన్స్ వెళ్లిపోయాక రెండు పనులుంటాయి. వాడిన సామాను తర్వాతి షిఫ్టు మొదలయ్యేలోపు నింపడం ఒకటి. రెండోది, ఛాతీ నొక్కిన మనిషిని మళ్లీ యంత్రం దగ్గరకు పంపకపోవడం. ఆ రాత్రి వాళ్ల చేతులు వణుకుతాయి, ఆ మనిషి బతికినా బతకకపోయినా. కూర్చోబెట్టి, ఏం జరిగిందో వాళ్లను చెప్పనిచ్చి, ఇంటికి ఎవరైనా తోడు వెళ్లేలా చూడండి. వారం తర్వాత ఒకసారి, నిద్ర పడుతోందా అని అడగండి.